ప్రెల్యూడ్‌ని హార్స్‌పవర్‌తో కొలవకండి

కొత్త హోండా ప్రెల్యూడ్, రెండు తలుపుల హైబ్రిడ్ కారు, 2025 సెప్టెంబర్‌లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత అమెరికాకీ వెళ్లింది. అప్పటి నుంచి దాని గురించి ఎవరు మాట్లాడినా ఒకటే మాట: ఇంత డబ్బు తీసుకుని 200 హార్స్‌పవరేనా? అదే కంపెనీ అమెరికాలో తన ఇంకో స్పోర్ట్స్ కారు సివిక్ టైప్ ఆర్‌కి 315 ఇస్తోంది, ధరలో మరీ అంత తేడా కూడా లేదు, అలాంటప్పుడు ఇది ఎవరు కొంటారు అని.

వాళ్లు చెప్పే అంకెలు తప్పు కాదు. కానీ ప్రెల్యూడ్‌ని అడగాల్సిన ప్రశ్న అది కాదని నా వాదన. 2001లో ఆగిపోయిన పాత ప్రెల్యూడ్ చివరి మోడల్‌కి అమెరికాలో ఉన్నది కూడా సరిగ్గా 200 హార్స్‌పవరే. 1979లో అక్కడ మొదలైన కారుకైతే 72. తొంభైల మొదట్లో నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ ట్విన్ టర్బో 300 హార్స్‌పవర్‌తో తిరుగుతుంటే ప్రెల్యూడ్ 190తో సరిపెట్టుకుంది. ఏ తరంలోనూ అది బలమైన కారు కాదు. 1978 నుంచి 2001 దాకా వచ్చిన ఐదు తరాలనూ వరసగా పెట్టి చూస్తే, ఇంజనీర్లు పట్టు వదలకుండా కుస్తీ పట్టిన సమస్య ఒక్కటే కనిపిస్తుంది: ముందు చక్రాలతో నడిచే కారుని చెప్పినట్టు తిరిగేలా చేయడం ఎలా?

ఆ కొలతతో చూస్తే కొత్త ప్రెల్యూడ్ ఒకచోట బాగా నెగ్గింది, ఇంకోచోట ఓడింది. ఓడిన చోటు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు అసలు సమస్య ఏమిటో చూద్దాం. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న కారులో ఇంజిన్ బలాన్ని రోడ్డు మీదికి దించేదీ ముందు టైర్లే, కారుని మలుపు తిప్పేదీ ముందు టైర్లే. టైరుకి ఉండే పట్టుకి ఒక హద్దు ఉంటుంది. ఒకే జీతంతో రెండు ఇళ్లు నడిపే మనిషి పరిస్థితి దానిది. ఒక పనికి ఎక్కువ ఖర్చుపెడితే రెండోదానికి మిగలదు. అందుకే మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే ముందు భాగం మలుపు బయటికి జారుతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. పైగా ఇంజిన్, గేర్‌బాక్స్ బరువంతా ముందు చక్రాల మీదే ఉంటుంది. వెనక టైర్లు మాత్రం పెద్దగా పనిలేకుండా ముందువాటి వెంట నడుస్తుంటాయి. స్పోర్ట్స్ కారు చేయాలనుకునేవాడు ఈ అమరికను ఎంచుకోవడమే ఒక మొండితనం. హోండాది అలాంటి మొండితనమే.

1978 నవంబర్‌లో వచ్చిన మొదటి ప్రెల్యూడ్‌లో ఆ మొండితనం ఇంకా పూర్తిగా బయటపడలేదు. హోండా అకార్డ్ కారు భాగాలతోనే చేసిన రెండు తలుపుల కారు అది. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, అకార్డ్ కన్నా 60 మిల్లీమీటర్లు తక్కువ, 2,320. నాలుగు చక్రాలకీ స్ట్రట్ సస్పెన్షన్. వెనక సీట్లలో పెద్దవాళ్లు కూర్చోలేరు. జపాన్‌లో దాన్ని అమ్మడానికి హోండా ఆ ఏడాదే వెర్నో అనే కొత్త షోరూముల వ్యవస్థను మొదలుపెట్టింది. కరెంటుతో తెరుచుకునే సన్‌రూఫ్, స్పీడోమీటర్, టాకోమీటర్ రెండూ ఒకే గుండ్రంలో ఇమిడ్చిన మీటరు అప్పట్లో చెప్పుకోదగ్గ విశేషాలు. చక్కగా తయారైన చిన్న కారు, అంతే. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అసలు కథ 1982 నవంబర్‌లో రెండో తరంతో మొదలవుతుంది. ముందు చక్రాలకి స్ట్రట్ తీసేసి డబుల్ విష్‌బోన్ పెట్టారు. వినడానికి ఇది మెకానిక్కులకి తప్ప ఎవరికీ పట్టని మార్పులా ఉంటుంది. కానీ కారు రూపమే దీనితో మారిపోయింది. స్ట్రట్ అంటే స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసిన పొడవాటి స్తంభం. దాని పైకొన బానెట్ కిందే ఎక్కడో బిగించాలి కాబట్టి బానెట్‌ని అంతకంటే కిందికి దించడం కుదరదు. పైనొకటి, కిందొకటి రెండు చేతులతో చక్రాన్ని పట్టుకునే డబుల్ విష్‌బోన్‌కి అంత ఎత్తు అక్కర్లేదు. దానికి తోడు కారు ఒరిగినప్పుడు టైరు రోడ్డు మీద నిటారుగా నిలబడేలా ఆ రెండు చేతుల పొడవులనీ కోణాలనీ సర్దుకోవచ్చు. అంటే మలుపులో పట్టు కోసం చేసిన పనే కారుకి ఆ పల్చటి ముక్కునీ ఇచ్చింది. ముక్కు అంత కిందికి వచ్చాక మామూలు హెడ్‌లైట్లకి చోటు లేదు, అందుకే పైకి లేచే పాప్‌-అప్ లైట్లు. ఆ లైట్లు చూసి ఎంతోమంది మనసు పారేసుకున్నారు. వాటికి మూలం సస్పెన్షన్ అని తెలిశాక నాకు ఆ కారు ఇంకా నచ్చింది.

నాలుగు చక్రాలకీ పనిచేసే యాంటీ-లాక్ బ్రేకులు జపాన్ కార్లలో మొదట వచ్చింది కూడా ఈ ప్రెల్యూడ్‌లోనే. హోండా వాటిని ఏఎల్‌బీ అని పిలిచేది. ఇంత ఇంజనీరింగ్ ఉన్నా, జపాన్ యువకుల్లో ఆ కారుకి పేరు తెచ్చింది మాత్రం పక్క సీటుని డ్రైవరు వైపు నుంచే వెనక్కి వాల్చే లివరు. అక్కడ దాన్ని 'డేట్ కార్' అన్నారు. ఆ బిరుదు ప్రెల్యూడ్‌కి అమ్మకాలు తెచ్చింది, అన్యాయమూ చేసింది. షోకు కారుగా ముద్ర పడ్డాక కింద ఉన్న సస్పెన్షన్ గురించి ఎవరు పట్టించుకుంటారు?

ఇక మూడో తరం. 1987 ఏప్రిల్. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు ప్రెల్యూడ్ మీద ఇష్టం పుట్టింది దాని ఫొటో చూసి కాదు, దాని వెనక చక్రాల స్టీరింగ్ గేర్‌బాక్స్ విప్పి చూపించిన బొమ్మ చూసి.

ఈ తరంలో వెనక చక్రాలకీ డబుల్ విష్‌బోన్ వచ్చింది. బానెట్‌ని ఇంకాస్త దించడానికి ఇంజిన్‌ని 18 డిగ్రీలు వెనక్కి వాల్చారు. ఇవన్నీ ఒక ఎత్తు, 4డబ్ల్యూఎస్ ఒక్కటీ ఒక ఎత్తు. నాలుగు చక్రాల స్టీరింగ్ అన్నమాట. వెనక చక్రాల్ని కాస్త తిప్పే ప్రయత్నం అంతకుముందు 1985లో నిస్సాన్ కూడా స్కైలైన్‌లో హైకాస్ పేరుతో చేసింది. కానీ స్టీరింగ్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి వెనక చక్రాలు దిశ కూడా మార్చుకునే ఏర్పాటు, అదీ పూర్తిగా గేర్లూ షాఫ్టులతోనే, జనం కొనుక్కునే కారులో రావడం అదే మొదలు. హోండాలో షోయిచి సానో, యోషిమి ఫురుకావా వంటి ఇంజనీర్లు దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

సిద్ధాంతం ఇది. మామూలు కారులో స్టీరింగ్ తిప్పగానే ముందు టైర్లు పక్కకి లాగడం మొదలుపెడతాయి. వెనక టైర్లకి ఆ సంగతి వెంటనే తెలియదు. కారు మొత్తం కాస్త తిరిగి, వాటి కోణం మారాక గానీ అవి పక్కకి లాగవు. వేగంగా వెళ్తూ లేన్ మారేటప్పుడు ఈ ఆలస్యమే వెనక భాగం ఊగినట్టు అనిపించడానికి కారణం. వెనక చక్రాలు కూడా ముందువాటి దిశలోనే ఒక్కింత తిరిగితే, నాలుగు టైర్లూ దాదాపు ఒకేసారి పని మొదలుపెడతాయి. కారు ఊగకుండా పక్క లేన్‌లోకి సాఫీగా జరుగుతుంది. అదే ఇరుకుచోట వెనక్కి తిప్పుకునేటప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం కావాలి. వెనక చక్రాలు ముందువాటికి ఎదురు దిశలో తిరిగితేనే కారు తక్కువ చోటులో మళ్లుతుంది.

అంటే వేగంగా ఉంటే ఒక దిశ, నెమ్మదిగా ఉంటే ఇంకో దిశ. ఎవరైనా అయితే వేగాన్ని కొలిచే సెన్సరు, దాన్ని చదివే కంప్యూటరు పెట్టాలనుకుంటారు. మాజ్దా అదే ఏడాది కపెల్లాలో చేసింది అలాగే. హోండా వాళ్లు గమనించింది వేరు. వేగంగా వెళ్తున్నప్పుడు ఏ డ్రైవరూ స్టీరింగ్‌ని ఎక్కువ తిప్పడు, కొద్దిగా కదుపుతాడంతే. బాగా తిప్పుతున్నాడంటే కారు నెమ్మదిగా ఉన్నట్టే లెక్క. కాబట్టి స్టీరింగ్ తిరిగిన కోణమే వేగం ఎంతో చెప్పేస్తుంది, సెన్సరుతో పనిలేదు. ఇంత పెద్ద చిక్కుని ఇంత చిన్న గమనికతో విప్పడం నేను చూసిన కారు ఇంజనీరింగ్‌లో చాలా అరుదు.

ముందు స్టీరింగ్ ర్యాక్ నుంచి ఒక షాఫ్టుని కారు పొడవునా వెనక్కి తీసుకెళ్లారు. దాని చివర ఒక చిన్న గేర్‌బాక్సు. అందులో కదలని రింగు గేరు లోపల ఒక ప్లానెటరీ గేరు దొర్లుతుంది. ఆ గేరు మీద మధ్యలో కాకుండా కాస్త పక్కగా ఉన్న పిన్ను వెనక చక్రాల కడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. స్టీరింగ్ కొద్దిగా తిప్పితే ఆ పిన్ను ఒకవైపు జరిగి వెనక చక్రాల్ని ముందువాటి దిశలో ఎక్కువలో ఎక్కువ 1.5 డిగ్రీలు తిప్పుతుంది. సుమారు 240 డిగ్రీలు తిప్పేసరికి అవి మళ్లీ నిటారుగా వచ్చేస్తాయి. ఇంకా తిప్పితే ఎదురు దిశలో 5.3 డిగ్రీల దాకా వెళ్తాయి. దీని వెనక ప్రోగ్రాం ఏమీ లేదు. పళ్ల లెక్క, పిన్ను దూరం, అంతే. ఆ గేరు ఒక చుట్టు దొర్లే తీరులోనే రెండు దిశలూ ఇమిడిపోయాయి.

లోపాలు లేకపోలేదు. గోడ పక్కన ఆపిన కారుని పూర్తిగా తిప్పి బయటికి తీస్తే వెనక భాగం గోడ వైపు జరుగుతుంది, కొత్తవాళ్లకి అది అలవాటు కావాలి. బరువు పెరిగింది, ధరా పెరిగింది. చాలామంది కొనుగోలుదారులకి ఆ తేడా రోజువారీ డ్రైవింగ్‌లో తెలిసేది కాదు కూడా. తెలియకపోవడమే అది సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు అంటాను నేను. కానీ షోరూములో నిలబడినవాడికి కనిపించని సుగుణాన్ని అమ్మడం కష్టం.

1991 సెప్టెంబర్‌లో వచ్చిన నాలుగో తరంతో నాకు పూర్తి సయోధ్య లేదు. పాప్‌-అప్ లైట్లు పోయాయి. వెడల్పు 1,765 మిల్లీమీటర్లకి పెరిగింది, అంటే జపాన్‌లో 1,700తో ముగిసే చిన్న కార్ల తరగతిని దాటేసింది. 4డబ్ల్యూఎస్ మెకానికల్ నుంచి ఎలక్ట్రానిక్‌కి మారింది. పేరు మాత్రం 2.2 లీటర్ల వీటెక్ ఇంజిన్‌కి దక్కింది, జపాన్‌లో 200 పీఎస్ (హార్స్‌పవర్‌కి దాదాపు సమానమైన కొలత), అమెరికాలో 190 హార్స్‌పవర్. తక్కువ ఆర్పీఎమ్‌లో ఒక క్యామ్ ఆకారం, ఎక్కువలో ఇంకో ఆకారం వాల్వుల్ని నడిపే ఆ ఇంజిన్ గొప్పదే, కాదనను. కానీ అమెరికాలో వీటెక్ ఇంజిన్‌నీ 4డబ్ల్యూఎస్‌నీ ఒకే కారులో ఇవ్వలేదు. బలం కావాలా, తిరిగే తీరు కావాలా, ఒకటి ఎంచుకో అన్నారు. జనం బలాన్నే ఎంచుకున్నారు. ప్రెల్యూడ్‌ని హార్స్‌పవర్‌తో కొలిచే అలవాటు అక్కడే పాతుకుపోయిందని నా అనుమానం.

అందుకే 1996 నవంబర్‌లో వచ్చిన ఐదో తరం అంటే నాకు గౌరవం. అమ్మకాలు పడిపోతున్నాయి, జనం రెండు తలుపుల కూపేల నుంచి వేరే రకం బళ్ల వైపు వెళ్తున్నారు. హోండాలోనే ఇంటెగ్రా టైప్ ఆర్ 1995లో వచ్చి, ముందు చక్రాల కారు ఎంత బాగా తిరగగలదో తేలికైన బరువుతో, గట్టి సస్పెన్షన్‌తో నిరూపించేసింది. అలాంటి సమయంలో ప్రెల్యూడ్ బృందం మళ్లీ పాత సమస్య దగ్గరికే వెళ్లింది. ఈసారి వెనక చక్రాల్ని కాదు, నేరుగా ముందు చక్రాల్నే పట్టుకున్నారు.

దాని పేరు ఏటీటీఎస్. అది ఉన్న మోడల్‌ని టైప్ ఎస్, టైప్ ఎస్‌హెచ్ అని పేర్లు మార్చుకుంటూ వేర్వేరు దేశాల్లో అమ్మారు. మామూలు డిఫరెన్షియల్ రెండు ముందు చక్రాలకీ టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, సమానంగా పంచుతుంది. మలుపులో లోపలి చక్రం మీద బరువు తగ్గుతుంది, బయటి చక్రం మీద పెరుగుతుంది. పట్టు ఎక్కువున్న బయటి చక్రానికి ఎక్కువ టార్క్ ఇస్తే, అది కారు ముక్కుని మలుపు లోపలికి నెడుతుంది. ఏటీటీఎస్‌లో గేర్ల సెట్టు, నూనెలో మునిగి ఉండే రెండు క్లచ్చులు ఉంటాయి. ఒక్కో క్లచ్చు ఒక్కో వైపు చక్రం కోసం. స్టీరింగ్ కోణం, చక్రాల వేగం, కారు తిరుగుతున్న రేటు చూసి ఒక కంప్యూటరు ఆ క్లచ్చుని పట్టిస్తుంది. బయటి చక్రాన్ని లోపలిదానికంటే 15 శాతం దాకా వేగంగా తిప్పగలదు. ఇందాక చెప్పిన రెండు ఇళ్ల జీతం సమస్యని గుర్తు తెచ్చుకోండి. ఇంజిన్ బలమే ఇక్కడ స్టీరింగ్‌కి సాయం చేస్తోంది. శత్రువునే పనిలో పెట్టుకున్నారన్నమాట. ముందు చక్రాల డ్రైవ్ కారులో ఇలాంటిది అంతకుముందు ఎవరూ అమ్మలేదు.

ఫలితం? ముక్కు మీద ఇంకాస్త బరువు. అమెరికాలో ఆ మోడల్‌కి ఆటోమేటిక్ గేర్‌బాక్సు లేదు. మామూలు ప్రెల్యూడ్ కన్నా ధర ఎక్కువ, నేరుగా సాగే రోడ్డు మీద వేగంలో తేడా లేదు. అక్కడ 1997 చివర్లో 200 హార్స్‌పవర్ వీ6తో అకార్డ్ కూపే వచ్చింది, దానిలో వెనక సీట్లు కూడా పనికొచ్చేవి. 2001లో ప్రెల్యూడ్ ఆగిపోయింది.

దాన్ని విఫల ప్రయోగం అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. 2004లో హోండా లెజెండ్‌లో వచ్చిన ఎస్‌హెచ్-ఏడబ్ల్యూడీ, ఎడమ కుడి వెనక చక్రాలకి టార్క్‌ని వేర్వేరుగా పంచే ఆ వ్యవస్థ, ఏటీటీఎస్ ఆలోచనకి కొనసాగింపే. ఆ 'ఎస్‌హెచ్' అక్షరాలు కూడా ప్రెల్యూడ్ టైప్ ఎస్‌హెచ్‌లో ఉన్నవే, సూపర్ హ్యాండ్లింగ్ అని. 4డబ్ల్యూఎస్ కూడా చావలేదు. హోండాదే ఖరీదైన కార్ల బ్రాండు అక్యూరా, దాని 2014 మోడల్ ఆర్‌ఎల్‌ఎక్స్‌లో రెండు వెనక చక్రాల్నీ విడివిడిగా తిప్పే పీ-ఏడబ్ల్యూఎస్ పెట్టారు. బయటి కంపెనీలూ ఆ దారి పట్టాయి. రెనో లగునాలో, పోర్షే 2013లో 911 జీటీ3లో వెనక చక్రాల స్టీరింగ్ ఇచ్చాయి. ప్రెల్యూడ్ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పుకుంటూ లోకమంతా ముందుకెళ్లింది, ప్రెల్యూడ్ మాత్రం పాతికేళ్లు కనబడలేదు.

ఇప్పుడు ఆరో తరం. నెగ్గిన చోటు ముందు చెబుతాను. ముందు చక్రాలకి సివిక్ టైప్ ఆర్‌లోని డ్యుయల్-యాక్సిస్ స్ట్రట్ పెట్టారు. మామూలు స్ట్రట్‌లో స్తంభం మొత్తం చక్రంతో పాటు తిరుగుతుంది. ఇందులో స్టీరింగ్ తిరిగే ఇరుసుని స్ట్రట్ నుంచి విడదీసి చక్రం మధ్యకి దగ్గరగా తెచ్చారు. దానివల్ల యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు ఉండే టార్క్ స్టీర్ బాగా తగ్గుతుంది. వీల్‌బేస్‌ని సివిక్ కన్నా 130 మిల్లీమీటర్లు తగ్గించి 2,605 చేశారు. జపాన్ టైప్ ఆర్‌కి ఉన్న 330 పీఎస్‌ని తట్టుకోవడానికి చేసిన సస్పెన్షన్‌ని 200 హార్స్‌పవర్ కారుకి ఇవ్వడం పిసినారితనం కాదు, ఉదారత. టైర్ల పట్టులో ఎక్కువ భాగం తిప్పడానికే మిగులుతుంది. ఫిర్యాదు చేసేవాళ్లు చూడాల్సింది ఇది.

ఎస్ ప్లస్ షిఫ్ట్ మీద నా అభిప్రాయం అంత స్థిరంగా లేదు. హోండా హైబ్రిడ్‌లో మామూలు గేర్‌బాక్సు ఉండదు. ఎక్కువసేపు ఇంజిన్ కరెంటు తయారుచేస్తుంది, మోటారు చక్రాల్ని తిప్పుతుంది. హైవే మీద మాత్రం ఒక క్లచ్చు ఇంజిన్‌ని నేరుగా చక్రాలకి కలుపుతుంది. ఎస్ ప్లస్ షిఫ్ట్ నొక్కితే లేని ఎనిమిది గేర్లు ఉన్నట్టు ఇంజిన్ మోత, టాకోమీటర్ ముల్లు, మోటారు లాగే తీరు అన్నీ మెట్లు మెట్లుగా మారతాయి. దీన్ని మోసం అని కొట్టిపారేయను, డ్రైవరుకి తన వేగం చెవితో తెలియడం నిజంగా అవసరం. కానీ పిన్ను ఎంత దూరంలో పెట్టాలో లెక్కగట్టి వెనక చక్రాల్ని తిప్పిన ఇంట్లో, ఇంత శ్రద్ధ నిజంగా జరగని గేరు మార్పు మీద పెట్టడం నాకు బాధగానే ఉంది.

ఎందుకంటే ఓడిన చోటు అదే. కొత్త ప్రెల్యూడ్‌లో వెనక చక్రాలు తిరగవు. ముందు చక్రాల మధ్య టార్క్‌ని పంచే ఏటీటీఎస్ లాంటి యంత్రమూ లేదు. మలుపులో సాయం చేసే ఎలక్ట్రానిక్ అసిస్ట్ బ్రేకుల్ని వాడుతుంది, అంటే లోపలి చక్రాన్ని ఆపి తిప్పుతుంది, బయటిదాన్ని నెట్టి కాదు. హోండా దగ్గర రెండు విద్యలూ ఉన్నాయి. 2016 నాటి స్పోర్ట్స్ కారు ఎన్‌ఎస్‌ఎక్స్‌లో ముందు రెండు చక్రాలకీ చెరో మోటారు పెట్టి ఏటీటీఎస్ కలగన్నదంతా కరెంటుతో చేసి చూపించారు. హైబ్రిడ్ అయిన కారుకి ఆ దారి మూసుకుపోయిందని ఎవరూ అనలేరు.

ఖర్చు అంటారు. జపాన్‌లో ఇప్పటికే 61,79,800 యెన్లు, ఇంకా పెంచితే ఎవరు కొంటారని. ఆ భయం న్యాయమైనదే. కానీ 1987లోనూ 4డబ్ల్యూఎస్‌ని అందరికీ అంటగట్టలేదు. మామూలు స్టీరింగ్ ప్రెల్యూడ్ పక్కనే దాన్నీ పెట్టి, కావాలన్నవాళ్ల దగ్గరే అదనంగా తీసుకున్నారు. వెనక చక్రాలు తిరిగే ప్రెల్యూడ్‌ని ఇప్పుడూ అలాగే, ఇంజిన్ ముట్టుకోకుండా, అదే 200 హార్స్‌పవర్‌తో, ఒక వేరియంట్‌గా తేవచ్చు. హోండాని అడగాల్సింది దాని గురించి.